పిడికెడు పాత పొట్టు

మా పాముల కేంద్రంలో గుడ్ల గది తలుపు మీద పదకొండు నిబంధనలు రాసి ఉంటాయి. అందులో నాలుగోది ఇది: గుడ్లు పొదిగిన పొట్టును మళ్లీ వాడరాదు, కాల్చివేయవలెను. ఆ నాలుగోదాన్ని నేను ఏడేళ్లపాటు పాటించలేదు. మరిచిపోయి కాదు, చదవడం రాకా కాదు. పదో తరగతి ఫస్టు క్లాసులో పాసయ్యాను, తెలుగు శుభ్రంగా చదవగలను. తెలిసే మానేశాను. ఇప్పుడు పెద్ద ఆఫీసు వాళ్లు దానికి కుట్ర అని పేరు పెట్టారు కాబట్టి, జరిగింది జరిగినట్టు నేనే చెప్పేస్తాను.

నా పేరు ఏకొల్లు రవణమ్మ. పులికాట్ సరస్సుకు ఇటువైపు, కాలువగట్టు మీద ఉన్న యానాదుల పేట మాది. మా తాత, మా నాన్న పాములు పట్టి బతికారు. నేను పాముల్ని పొదిగించి బతికాను. బయట త్రాచుల్ని పట్టేవాళ్లు బాగా తగ్గిపోయి పాముకాటు మందుకు విషం దొరకని రోజులు వచ్చాయి. అప్పుడు గుడ్ల నుంచే పాముల్ని పెంచి విషం తీద్దామని ఈ కేంద్రం పెట్టారు. నేను గుడ్ల గదిలో సహాయకురాలిని. చీపురు పట్టుకునే పని అని అందరూ అనుకుంటారు. రెండు నెలలు గుడ్డును బతికించి పిల్లను బయటికి తెచ్చే పని అది.

కొబ్బరిపొట్టు ఇటుకల్ని నీళ్లలో నానబెట్టాలి. పిడికిట్లో పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి, అంతకన్నా ఎక్కువ రాలితే గుడ్డు కుళ్లుతుంది, తక్కువైతే సొట్టపోతుంది. ఆ పొట్టును డబ్బాల్లో నింపి గుడ్లను సగానికి పాతిపెట్టాలి. కోడిగుడ్డులా తిప్పకూడదు, తిప్పితే లోపలి పిల్ల చస్తుంది. అందుకే పైవైపు పెన్సిల్‌తో గుర్తు పెడతాం. పిల్లలు వచ్చాక పొట్టంతా కొలిమికి పోతుంది.

మొదటి రెండేళ్లు నేను నిబంధన ప్రకారమే నడిచాను. ప్రతి విడతకూ కొత్త పొట్టు, కడిగిన డబ్బా, చేతికి గ్లౌజులు. పిల్లల్లో సగం చచ్చేవి. మిగిలిన సగం పెంకు పగలగానే పిచ్చెత్తినట్టు గాలిని కరిచేవి, డబ్బాను కరిచేవి, పక్కదాన్ని కరిచేవి. పుట్టీ పుట్టకముందే అంత కోపం దేనికో నాకు అర్థమయ్యేది కాదు.

ఒకరోజు పొద్దున ఇంట్లో పాలు కాచి తోడేస్తుంటే తట్టింది. నిన్నటి పెరుగు ఒక చెంచా లేకుండా ఈరోజు పెరుగు ఎక్కడి నుంచి వస్తుంది? బయట త్రాచు వీలైతే పాత పుట్టకే వస్తుంది, పోయినేటి పెంకుల మధ్యే గుడ్లు పెడుతుంది. మేమేమో ప్రతిసారీ దాని ఇల్లు కాల్చేసి, కొత్త ఇంట్లో పిల్లల్ని లేపుతున్నాం. ఆ రోజు బాగా పొదిగిన డబ్బాలోంచి పిడికెడు పాత పొట్టు తీసి, పెంకులు ఏరి, కొత్త పొట్టులో కలిపాను. చేత్తోనే కలిపాను. గ్లౌజులేసుకుని ఎవరైనా తోడేస్తారా? మిగతాది కాల్చి రిజిస్టరులో సంతకం పెట్టాను.

ఆ విడతలో ముప్పై గుడ్లకు ఇరవై ఏడు పిల్లలు బతికాయి. అందులోంచి మళ్లీ పిడికెడు తీసి మట్టి ముంతలో దాచాను, తర్వాతి విడతకు వేశాను. ఏడాదికి రెండు విడతలు. ఆరో విడతకు పిల్లలు నెమ్మదించాయి. పదో విడతలో పుట్టినవి నా చేతి దగ్గరకు వచ్చి పడగెత్తేవి, నాలుక రెండుసార్లు ఆడించేవి, పడగ దించి వేళ్ల మీదుగా పాకి వెళ్లిపోయేవి. నాకు అలవాటు పడ్డాయిలే అనుకున్నాను.

ఇంట్లో మాత్రం పాము మాట ఎత్తడానికి లేదు. నా మొగుడు చెంచయ్య పాముకాటుతోనే పోయాడు. వరిగట్టు మీద కరిచింది. ఎడ్లబండిలో కాదు, ఆటోలోనే తీసుకెళ్లాం, తొందరగానే వెళ్లాం. ఆస్పత్రిలో మందు అయిపోయింది, వేరే ఊరు పొమ్మన్నారు. దారిలో నా ఒళ్లోనే పోయాడు. అప్పుడు మా పాప సుగుణకు తొమ్మిదేళ్లు, ఆటోలో నాన్న కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. ఇప్పుడు దానికి ఇరవై నాలుగు. పొలానికి వెదురుకర్ర లేకుండా పోదు. ఇప్పటికి పదకొండు పాముల్ని కొట్టింది, ప్రతిసారీ ఇంటికొచ్చి నాకు చెప్పింది. నా చేత్తో కలిపిన అన్నం తినదు. పాలకు తోడు కూడా తనే వేస్తుంది, పాముల చెయ్యి పెరుగులో పెట్టొద్దంటుంది. నాకు కోపం వచ్చేది. కానీ దాని ముందు నోరు లేచేది కాదు.

కేంద్రంలో నా సంగతి కనిపెట్టింది డాక్టర్ మృదుల. విశాఖపట్నం పిల్ల, పరిశోధనకని వచ్చింది. నా డబ్బాల్లోనే పిల్లలు ఎందుకు బతుకుతున్నాయని అడిగింది. పాత పొట్టు కలుపుతున్నానని నిజం చెప్పాను. తిట్టలేదు. తనూ తన డబ్బాల్లోని పాత పొట్టుతో వేరే డబ్బాలు పెట్టింది, నాలుగు విడతలు ఓపిగ్గా చూసింది. పిల్లలు బతికాయి గానీ ఎప్పటిలాగే కరిచాయి. ఆఖరికి నన్ను పక్కన నిలబెట్టి, మీరెలా చేస్తారో అలాగే చెయ్యండి అక్కా, అంది. నేను ముంత మూత తీసి ఒట్టి చెయ్యి లోపల పెట్టాను. గ్లౌజులేవని అడగబోయి ఆగిపోయింది. నా అరచెయ్యి పట్టుకుని తిప్పి తిప్పి చూసింది.

దూదితో నా చెయ్యి తుడిచి, ఆ దూదినీ ముంతలో పొట్టునూ పక్కపక్కన పెట్టి పరీక్ష చేసింది. మన చర్మం మీద కంటికి కనబడని జీవులు కోట్ల కొద్దీ బతుకుతాయట. మనిషి వాసన అనేది చాలావరకు వాటి పనేనట. నా చేతి నుంచి అవి పొట్టులోకి దిగి, విడత విడతకూ పెరిగి, అక్కడే కాపురం పెట్టేశాయి. పాముగుడ్డు పెంకు మెత్తన, తేమతో పాటు ఆ వాసనా లోపలికి పోతుంది. పెంకు పగలకముందే పిల్లకు మనిషి వాసన తెలిసిపోతోంది. మనిషి చెయ్యి ఎదురైతే అది ఇంటికి వచ్చాననుకుంటోంది, కరవడం లేదు. నా చెయ్యి ఒక్కటే కాదు, మనిషి చెయ్యి ఏదైనా అంతే. మృదుల నన్ను, వంటమనిషిని, డ్రైవరును, వాచ్‌మన్ మస్తాన్‌ను, ఇంకో ఆరుగురిని పిలిచి మూడు వందల సార్లు చూసింది. కోరల నిండా విషం ఉంది. ఒక్కటీ కరవలేదు.

నేను గది బయటికి వచ్చి గోడకు ఆనుకుని ఏడ్చాను. చెంచయ్యను కరిచిన పాము ఏ పుట్టలో పుట్టిందో, అది పుట్టకముందే ఎవరైనా ఒక పిడికెడు పొట్టు అందులో వేసుంటే ఎంత బాగుండేదో అనిపించింది.

డైరెక్టర్ కోదండపాణి గారికి విషయం మరో దారిలో తెలిసింది. విషం తీయాలంటే పాము తల పట్టుకుని, పలచటి పొర బిగించిన గాజు గిన్నెను కరిపించాలి. పట్టుకునే పనివాళ్లవి ఒట్టి చేతులే. నా డబ్బాల్లో పుట్టిన పాములు పెద్దవై ఆ గిన్నె ముందు నోరు తెరవలేదు. విషం తగ్గిపోయింది. మృదులనూ నన్నూ పిలిపించారు. ఆయన చెడ్డవాడు కాదు. ఎన్ని ఆస్పత్రులు మందు కోసం ఉత్తరాలు రాస్తున్నాయో ఆ కట్ట తీసి మా ముందు పెట్టారు.

"మీ ఆయన ఎందుకు పోయాడో మర్చిపోయావా రవణమ్మా? ఆస్పత్రిలో మందు లేకే కదా. ఇప్పుడు నువ్వే ఆ మందును ఆపుతున్నావు."

ఆ మాట నాకు గుచ్చుకుంది. గుచ్చుకుంది కాబట్టే ఊరుకోలేదు.

"మందు లేక పోలేదు సార్. పాము కరిచి పొయ్యాడు. కరవకుండా ఉండుంటే మందుతో పనేముండాది?"

ఆయన ఉత్తరాల కట్టను మళ్లీ కట్టేశారు. సగం గది విషానికి, సగం గది మా పొట్టుకు ఇవ్వమని మృదుల అడిగింది. నా ఒక్కడి చేతిలో లేదు, పెద్ద ఆఫీసు కమిటీని పిలుస్తాను, వాళ్ల ముందు చేసి చూపించండి, అన్నారు.

కమిటీ ముగ్గురు వచ్చారు. ఆ రోజు గుడ్ల గది తలుపు దగ్గర ఒక మనిషిని నిలబెట్టి, లోపలికి పోయే ప్రతివాళ్ల చేతుల మీదా స్పిరిట్ చల్లించారు. నా వంతు వచ్చింది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఏడేళ్లుగా ఈ చేత్తో తోడేస్తున్నాను, ఈ చెయ్యిని స్పిరిట్‌తో కడగను అన్నాను. కారణం ఏమిటని అడిగితే చెప్పలేకపోయాను. నాకూ తెలియదు, మనసొప్పలేదు, అంతే. క్రమశిక్షణ లేని మనిషివి, బయటే ఉండు అన్నారు. మృదుల నా వైపు చూసి, పర్లేదక్కా నేను చూపిస్తా అని, చేతులు చాపింది. చల్లారు. లోపలికి పోయింది.

తలుపు అద్దంలోంచి చూస్తున్నాను. డబ్బాలో చెయ్యి పెట్టింది. పాము పడగెత్తింది. నాలుక ఆడించింది, ఒకసారి కాదు, ఆగకుండా ఆడిస్తూనే ఉంది. పడగ దిగలేదు. చూపుడు వేలిని కరిచి పట్టుకుంది.

ఆస్పత్రికి కోదండపాణి గారే కారు నడిపారు. మా కేంద్రం విషంతో చేసిన మందే ఎక్కించారు, ఆ మందే బతికించింది. అది నేను దాచను. కానీ వేలు నల్లబడి కుళ్లింది, నాలుగు రోజుల తర్వాత తీసేశారు. మంచం పక్కన కూర్చుని ఆ పిల్ల రెండో చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకోబోయాను. అదే వార్డులో ఎవరికో సూది వేస్తూ నర్సు స్పిరిట్ దూదితో తుడుస్తోంది. ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు అర్థమైంది. కడిగేశారు. మనిషి వాసనంతా ఆ తలుపు దగ్గరే కడిగేశారు. పాము నాలుక చాపి వెతుక్కుంది, మనిషి కనబడలేదు. నా చెయ్యి నేను కాపాడుకుని, ఆ పిల్లను ఆపడానికి నోరు తెరవలేదు. ఆ తప్పు నాదే, ఎప్పటికీ నాదే.

మృదులకు చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. కట్టుకట్టిన చెయ్యి వైపు చూసి నీరసంగా నవ్వింది.

"అంటే నేను మనిషి చెయ్యి పెట్టలేదు అక్కా. స్పిరిట్ సీసా పెట్టాను. అది చేసింది కరెక్టే."

కమిటీకి ఆ ముక్క రాసి పంపింది. చదివారో లేదో తెలియదు. ఆర్డరు మాత్రం వచ్చింది. నా డబ్బాల్లో పుట్టిన పాములన్నీ అడవిలో వదిలేయాలి. పాత పొట్టు ముంతతో సహా శుక్రవారం లోపల కాల్చేయాలి. ఇన్నేళ్లూ చేసింది తప్పని రవణమ్మ రాసి సంతకం పెడితే ఉద్యోగంలో ఉంచుతారు. కోదండపాణి గారు ఆ కాగితం నా ముందు పెట్టి, రెండేళ్లలో రిటైర్ అవుతావు, రాసెయ్యి, అన్నారు. స్పిరిట్ సంగతి చెప్పి, రేపు నా చెయ్యి పెడతాను చూడండి సార్ అన్నాను. ఇంకొకరి చెయ్యి పోవడం నేను చూడలేను అన్నారు. ఆయన మీద జాలేసింది. అయినా కలం ఆయన బల్ల మీదే పెట్టేశాను.

"తప్పని రాయను సార్. తోడు కాల్చను. ఎత్తుకొని పోతుండా. మీకు చెప్పే పోతుండా."

మిట్టమధ్యాహ్నం, అందరూ క్యారేజీలు విప్పుకుని వరండాలో కూర్చున్న వేళ, ముంత చంకన పెట్టుకుని వాళ్ల మధ్యలోంచే నడిచాను. వెనక గేటు ఉంది. ముందు గేటుకే వెళ్లాను. అప్పటికే మస్తాన్‌కు ఫోను వచ్చింది, గేటు మూసి నిలబడి ఉన్నాడు. ముంతలో ఏముందని అడిగాడు. బయటికి పోయే వస్తువు పేరు రిజిస్టరులో రాయాలి కదా, పాముగుడ్ల తోడు అని రాయమన్నాను. గేటు తెరవడం భయమైతే నేను నెట్టేసి పోయానని కూడా రాసుకోమన్నాను.

"నన్ను నువ్వు నెట్టేదేందక్కా, గాలేస్తే పడేట్టుండావు" అన్నాడు. రిజిస్టరు తీసి, నేను చెప్పిన మాటే పెద్ద అక్షరాలతో రాశాడు. ఆ మూడు వందల సార్లలో ముప్పై సార్లు డబ్బాలో పెట్టిన చెయ్యి అతనిది. గేటు తెరిచాడు.

ముంత ఇంటికి వచ్చిన రోజు సుగుణ నాతో మాట్లాడలేదు. పేటలో ఆడవాళ్లు మాత్రం చుట్టూ చేరారు. పాముల్ని మా గట్ల మీదికి పిలుస్తావా అని గొడవపడ్డారు. పిలిచే పనేముంది, అవి ఉండనే ఉన్నాయి, మన కాళ్ల కిందే పొదుగుతున్నాయి అన్నాను. పోయినేడు మన పేటలో ముగ్గురు పోయారు, ఆ ముగ్గురి పేర్లూ చెప్పాను. ఆ తర్వాత ఎవరూ గొడవపడలేదు. ఒక్కొక్కరే గిన్నె తెచ్చుకున్నారు. పాలకు తోడు అడిగినట్టే అడిగారు. కొత్త పొట్టు నానబెట్టుకుని, నా ముంతలోది పిడికెడు కలుపుకుని, రోజూ ఒట్టి చేత్తో కలియబెట్టారు. నలభై మూడు ఇళ్లలో నలభై మూడు కుండలు తయారయ్యాయి. నాలుగు వేళ్ల చెయ్యితో మృదుల వచ్చి వాళ్ల మధ్య కూర్చుని, ఒక మాట నాలుగుసార్లు చెప్పింది. ఇది మొదలు మాత్రమే, పాత పాములు పాత పాముల్లాగే ఉంటాయి, ఎవరిని ఏది కరిచినా ఒక్క క్షణం ఆగకుండా ఆస్పత్రికే పోవాలి.

ఎండాకాలం మొదట్లో, త్రాచులు గుడ్లు పెట్టకముందు, గట్ల వెంబడి పుట్టల్లోనూ ఎలుకబొక్కల్లోనూ ఆ పొట్టు కూరాం. సుగుణ రాలేదు. ఇంట్లో నా ముంత ఉన్న మూలకు కూడా వెళ్లేది కాదు.

వానలు పడి కలుపు తీసే రోజులు వచ్చాయి. ఒక ఉదయం నేను పక్క మడిలో ఉన్నాను. సుగుణ గట్టు మీద ఎడమ చెయ్యి ఆనించి, వంగి కలుపు పీకుతోంది. జానెడు పొడవు త్రాచు పిల్ల గడ్డిలోంచి వచ్చి ఆ చేతి ముందు పడగెత్తింది. సుగుణ కుడి చేత్తో కర్ర ఎత్తింది. పాము నాలుక ఆడించింది. ఒకసారి. ఇంకోసారి. పడగ దించి, సుగుణ వేళ్ల మీదుగా పాకి, గట్టు అవతలికి దిగిపోయింది. అది కనుమరుగైన చాలాసేపటికి గానీ ఎత్తిన కర్ర కిందికి రాలేదు. మర్నాడు పొద్దున సుగుణ పాలు కాచి నా ముందు పెట్టి, తోడు నువ్వేయి మా, అని బయటికి పోయింది. పదిహేనేళ్ల బరువు దిగినట్టయింది నాకు. ఆ పాముల చేత్తోనే తోడు వేశాను.

ఆ వారమే జీపు వచ్చింది. కోదండపాణి గారు, కమిటీలో ఒకాయన, ఒక సీలు పెట్టె, స్పిరిట్ సీసా. ఏడేళ్లు కుట్ర చేసి ప్రభుత్వ పరిశోధన పదార్థం దొంగిలించావు, తిరిగి అప్పగించకపోతే కేసు పెడతామని కమిటీ ఆయన కాగితం చదివాడు. నలభై మూడు ఇళ్లున్నాయి, ఏ ఇంట్లో వెతుకుతారో వెతకండి అన్నాను. మొదట తెచ్చిన ముంత చాలు, అదెక్కడ అని అడిగాడు. చెప్పనన్నాను. అది ఎక్కడుందో నాకు కాకుండా తెలిసింది సుగుణ ఒక్కదానికే. అప్పుడే పొలం నుంచి వచ్చిందేమో, మోచేతుల దాకా బురదతో గుమ్మంలో నిలబడి ఉంది. నేను దాని వైపు చూశాను. లోపలికి పోయి ముంత తెచ్చింది. అయిపోయింది అనుకున్నాను.

"ముంత ఉండాది సార్. మాదే. మా అమ్మ పేటంతా పంచింది. తోడు ఇచ్చినాక వెనక్కి అడగరు, మీ ఇళ్లల్లో కూడా అడగరు. కావాలంటే చెప్పండి, ఊరికినే ఒక పిడికెడు పెడతా."

కమిటీ ఆయన అరిచాడు. కోదండపాణి గారు అరవలేదు. ఈ వానాకాలం మీ గట్ల మీద ఎంతమందిని పాము కరిచిందమ్మా అని మెల్లగా అడిగారు. ఇద్దరిని, ఇద్దరినీ పాత పాములే, మీ మందుతోనే బతికారు అని చెప్పాను. నలభై మూడు ఇళ్లకు ఇద్దరేనా అని మళ్లీ అడిగారు. అవునన్నాను. ఆయన ఒక్క అడుగు ముందుకు వేసి, చేతిగడియారం పైకి జరుపుకుని, అరచెయ్యి చాపారు.

కమిటీ ఆయన చటుక్కున స్పిరిట్ సీసా మూత తీసి ఆ అరచేతి మీద వంచబోయాడు. అప్పటికే ముంతలోంచి బురద చేత్తో పిడికెడు పొట్టు తీసిన సుగుణ, ఆ పిడికిలిని వెనక్కి లాక్కుంది.

"ముందా సీసా పక్కన పెట్టించండి సార్" అంది.

కోదండపాణి గారు సీసా అందుకుని, మూత బిగించి, జీపులో పెట్టి వచ్చారు. మళ్లీ చెయ్యి చాపారు.